హోల్యోక్ కొండ మీది పాత సిపాయిలు

మసాచుసెట్స్ రాష్ట్రంలో పడమటి వైపున, కనెక్టికట్ నది ఒడ్డున హోల్యోక్ అనే ఊరుంది. నదికి ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వి, ఆ నీటి బలంతో కాగితపు మిల్లులు నడిపిన ఊరు. 'పేపర్ సిటీ' అని దేశమంతా పిలిచిన రోజులున్నాయి. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పని పోయింది, పనివాళ్లూ చెదిరిపోయారు. ఊరు ఎంత చితికినా, కొండ మీద 1952లో రాష్ట్ర ప్రభుత్వం తెరిచిన సోల్జర్స్ హోమ్ మాత్రం గౌరవంగా నిలబడింది. రెండో ప్రపంచయుద్ధంలో సముద్రాలు దాటి వెళ్లినవాళ్లు, కొరియా చలిలో కాపలా కాసినవాళ్లు, వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్లు ముసలితనంలో అక్కడ చేరేవారు. ఆ చుట్టుపక్కల కుటుంబాలకు అక్కడ మంచం దొరకడమంటే పెద్ద భాగ్యం. పేరు రాయించుకుని నెలల తరబడి ఎదురుచూసేవారు. నాన్నకు అక్కడ చోటు దొరికిందంటే ఇక దిగులు లేదనుకునేవారు.

ఆ ఇంట్లో 2020 వసంతంలో కనీసం 76 మంది పాత సిపాయిలు కోవిడ్‌తో చనిపోయారు. అప్పటికి ఆ ఇంట్లో ఉన్నది రెండువందల పైచిలుకు మంది మాత్రమే. యుద్ధాల్లో బతికి బయటపడ్డ మనుషులు, తమను చూసుకోవడానికే కట్టిన ఇంట్లో, మంచాల మీద, అయినవాళ్లెవరూ దగ్గర లేకుండా పోయారు. ఎలా పోయారో ఆ తర్వాత విచారణ సంఘం రాసింది, పత్రికలు రాశాయి, కోర్టులు విన్నాయి. అవన్నీ చదువుతుంటే ఒక్క సంగతి మనసులో ముల్లులా దిగబడుతుంది. వాళ్లను కాపాడగలిగిన పద్ధతులు అందరికీ తెలిసినవే. ఎవరూ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు.

ఆ పద్ధతులేమిటో ముందు చెప్పుకుందాం. ఇన్ఫెక్షన్ కంట్రోల్ అనగానే మనకు పెద్ద యంత్రాలు, రసాయనాలు, తెల్లకోట్ల నిపుణులు కళ్లముందు మెదులుతారు. వృద్ధుల సంరక్షణ గృహంలో అదంతా చివరికి ఒక సహాయకురాలి రెండు చేతుల దగ్గరికి వచ్చి ఆగుతుంది. నాలుగు మంచాల గది ఒకటి అనుకుందాం. ఆమె మొదటి మంచం దగ్గరికి వెళ్లేముందు చేతులకు శానిటైజర్ రాసుకుని, అది ఆరేదాకా, అంటే అర నిమిషం దగ్గర దగ్గర, రుద్దుకోవాలి. గౌను తొడుక్కోవాలి, మాస్కు పెట్టుకోవాలి, కళ్లకు అడ్డం పెట్టుకోవాలి, గ్లౌజులు వేసుకోవాలి. పెద్దాయన డైపర్ మార్చి, ఒళ్లు తుడిచి, పక్కకు తిప్పి, దుప్పటి సర్దాలి. ఆ పనైన గ్లౌజులతో ఆయన మంచినీళ్ల గ్లాసును ముట్టుకోకూడదు. గ్లౌజులు తీసి, చేతులు మళ్లీ శుభ్రం చేసుకుని, కొత్తవి వేసుకుని అప్పుడు అన్నం తినిపించాలి. మింగడం కష్టమైన మనిషికి ఒక పూట తినిపించాలంటే అరగంట పడుతుంది. తర్వాత గౌను విప్పాలి. బయటి వైపు ఒంటికి తగలకుండా, లోపలి వైపు పైకి వచ్చేలా చుట్టి డబ్బాలో పడెయ్యాలి. మళ్లీ చేతులు. ఆ తర్వాతే రెండో మంచం. ఇలా నాలుగు మంచాలు, అలాంటి గదులు ఎన్నో, ఒక షిఫ్టులో ఎన్నో సార్లు.

ఇందులో ఏ ఒక్క మెట్టూ కష్టమైనది కాదు. పదో తరగతి చదివిన పిల్లకు ఒక్క పూటలో నేర్పవచ్చు. కావలసింది తీరిక. ఇద్దరు చెయ్యాల్సిన పనిని ఒక్కరి మీద వేసిన రోజున ముందు ఎగిరిపోయేది ఆ అర నిమిషమే. డైపర్ మార్చకుండా వదిలేస్తే పక్కవాళ్లకు తెలుస్తుంది, అన్నం పెట్టకపోతే పెద్దాయన అడుగుతాడు. చేతులు తుడుచుకోకపోతే ఆ క్షణాన ఎవరికీ ఏమీ తెలియదు. వారం తర్వాత తెలుస్తుంది, అది కూడా ఎవరి చేతుల వల్లనో తేలని విధంగా.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల వార్డులో ఇది ఇంకా కష్టం. వాళ్లకు మాస్కు ఎందుకు పెట్టుకోవాలో గుర్తుండదు, పెట్టిన మాస్కు పీకేస్తారు. మంచం మీదే ఉండమంటే ఉండలేరు. ఇదేదో కొత్త ఊరన్నట్టు వరండాలో తిరుగుతారు, పక్క గదిలోకి వెళ్లి ఎవరి మంచం మీదో కూర్చుంటారు. ఇంట్లో మన అమ్మమ్మో తాతయ్యో ఇలా తిరిగినప్పుడు మనకెంత ఓపిక కావాలో తలచుకుంటే, అలాంటివాళ్లు పాతికమంది ఉన్న వార్డులో ఎందరు మనుషులు కావాలో అర్థమవుతుంది.

హోల్యోక్ ఇంట్లో మనుషుల కొరత పాతదే. సిబ్బందిని పెంచమని ఏళ్ల తరబడి అడిగి విసిగి, అప్పటి సూపరింటెండెంట్ పదవి వదిలి వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో 2016లో బెన్నెట్ వాల్ష్ వచ్చాడు. మెరైన్ దళంలో లెఫ్టినెంట్ కర్నల్‌గా చేసి విరమించిన అధికారి. వృద్ధుల సంరక్షణ గృహాన్ని నడిపిన అనుభవం ఆయనకు ఏమాత్రం లేదు. అప్పటి గవర్నర్ చార్లీ బేకర్ హయాంలో ఈ నియామకం జరిగింది. వాల్ష్ దుర్మార్గుడని నేననను. కానీ సైన్యం నడిపినంత మాత్రాన ముసలి సిపాయిల మంచాల మధ్య దూరం ఎంతుండాలో తెలియదు. ఆ పని తెలిసినవాళ్లు వేరే ఉంటారు. ఆ కుర్చీలో అలాంటివాళ్లను కూర్చోబెట్టకపోవడం మసాచుసెట్స్ ప్రభుత్వం చేసిన మొదటి తప్పు.

హోల్యోక్‌కు ఆ వైరస్ చెప్పకుండా రాలేదు. నెల ముందే, దేశానికి అవతలి కొసన, వాషింగ్టన్ రాష్ట్రంలోని కిర్క్‌లాండ్ అనే ఊళ్లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రం దాని బారిన పడింది. ఫిబ్రవరి 28న అక్కడ మొదటి కేసు బయటపడింది. మార్చి 18 నాటికి ఆ ఒక్క కేంద్రంతో ముడిపడ్డ 167 మందికి కోవిడ్ ఉన్నట్టు తేలింది. అందులో 101 మంది అక్కడ ఉంటున్న వృద్ధులు, 50 మంది సిబ్బంది, 16 మంది చూడటానికి వచ్చిన బంధువులు. ఆ 101 మంది వృద్ధుల్లో అప్పటికే మూడోవంతు మంది పోయారు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నిపుణులు అక్కడికి వెళ్లి, కారణాలు వెదికి, తమ వారపత్రికలో రాశారు. ఒంట్లో బాగోలేకపోయినా సిబ్బంది డ్యూటీకి వచ్చారు. కొందరు ఒకటి కంటే ఎక్కువ చోట్ల పనిచేస్తూ వైరస్‌ను వెంట తీసుకెళ్లారు. మాస్కులు, గౌన్లు ఎలా వాడాలో సరిగా తెలియదు, తెలిసినా అవి చాలినన్ని లేవు. శానిటైజర్ కూడా చాలలేదు. పరీక్షలు దొరకలేదు. ఇది మార్చి 18న ఇంటర్నెట్‌లో పెట్టారు. అచ్చు సంచిక మీద ఉన్న తేదీ మార్చి 27.

ఆ రెండు తేదీలను గుర్తుపెట్టుకోమని చదువరులను కోరుతున్నాను.

మార్చి 17న హోల్యోక్ ఇంట్లో మతిమరుపు వార్డులో ఉన్న ఒక పెద్దాయనకు కోవిడ్ పరీక్ష చేశారు. అంతకుముందు నుంచే ఆయనకు దగ్గు, ఆయాసం లాంటి లక్షణాలున్నాయి. ఫలితం రావడానికి నాలుగు రోజులు పట్టింది. అనుమానం ఉన్న మనిషిని వేరే గదిలో ఉంచాలన్న ఆలోచన కాగితం మీద లేకపోలేదు. కానీ ఆయన్ను అదే వార్డులో, అదే గదిలో, అదే గది పంచుకుంటున్నవాళ్ల మధ్యే ఉంచేశారు. ఆయన మామూలుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. అందరూ కూర్చునే హాలు మూయలేదు. ఆ వార్డులో చేసిన సిబ్బంది వేరే వార్డుల్లోకి వెళ్లి పనిచేయడమూ ఆపలేదు. మార్చి 21న ఫలితం వచ్చింది, పాజిటివ్ అని. ఆ నాలుగు రోజులు చాలు. తర్వాత పడ్డ శవాలన్నిటికీ ఆ నాలుగు రోజులు ఒక్కటే కారణమని ఎవరూ తేల్చలేరు. తలుపు తెరుచుకున్నది మాత్రం ఆ రోజుల్లోనే.

ఈ మధ్యలోనే ఇంకో సంగతి జరిగింది. ఆ రోజుల్లో రాత్రి షిఫ్టులో ఉన్న ఒక నర్సింగ్ సహాయకుడు, ఆ పెద్దాయనను చూసుకునేటప్పుడు గౌను, మాస్కు తొడుక్కున్నాడు. పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తున్న రోగి దగ్గరికి వెళ్లేవాడు చెయ్యాల్సింది అదే. పై అధికారులు అతనికి మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా అవి వాడావనీ, నీ ప్రవర్తన అనుచితమనీ ఆ మెమో సారాంశం. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఆ కాగితమే. ఇంట్లో ఒక్క మనిషి సరైన పని చేశాడు. ఆ ఒక్కణ్నీ పిలిచి తప్పు చేశావన్నారు. అలాంటి మెమో ఒకటి నోటీసు బోర్డు ఎక్కనక్కరలేదు. మర్నాటికి ప్రతి వార్డులో, ప్రతి షిఫ్టులో తెలిసిపోతుంది. మాస్కు పెట్టుకోవాలనుకున్న తక్కినవాళ్లు కూడా చెయ్యి వెనక్కి తీసుకుంటారు. నిబంధనల పుస్తకం ఎంత లావుగా ఉన్నా, పనిచేసేవాళ్లు నేర్చుకునేది పక్కవాడికి ఏం జరిగిందో చూసే.

ఆపైన సిబ్బంది రాకపోవడం మొదలైంది. కొందరికి జబ్బు చేసింది, కొందరు భయపడ్డారు. వాళ్ల భయాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికుంది? ఇంట్లో పిల్లలున్నవాళ్లు, ముసలి తల్లులున్నవాళ్లు, మాస్కు పెట్టుకుంటే మెమో వస్తుందని చూసినవాళ్లు.

మార్చి 27, శుక్రవారం. రెండు మతిమరుపు వార్డులకు చాలినంత మంది లేరని, రెండిటినీ కలిపేయాలని నిర్ణయించారు. మామూలుగా పాతికమంది ఉండే చోటికి మొత్తం 42 మందిని చేర్చారు. జబ్బు ఉన్నవాళ్లు, ఉందేమో తెలియనివాళ్లు, లేనివాళ్లు అందరూ ఒకే చోట. నలుగురు ఉండే గదుల్లో ఆరేసి మంచాలు ఇరికించారు. లక్షణాలు కనపడని తొమ్మిదిమందిని భోజనాల గదిలో మంచాలు వేసి పడుకోబెట్టారు. మంచానికీ మంచానికీ మధ్య కొద్ది అడుగుల ఎడమే. గది బయట, కొద్ది దూరంలోనే జబ్బు ముదిరినవాళ్లు.

ఆ తరలింపులో పనిచేసినవాళ్లు తర్వాత విచారణలో చెప్పిన మాటలు చదవడం కష్టం. ఒక ఉద్యోగి, ఆ పెద్దలను చావు దగ్గరికి చెయ్యిపట్టి నడిపిస్తున్నట్టు అనిపించిందన్నారు. ఆ రాత్రి ఆ వార్డు యుద్ధరంగంలా ఉందని మరొకరు. ఒంటి మీద గుడ్డలు సరిగా లేని మనుషులు, ఎగశ్వాసలో ఉన్నవాళ్లు, తమ మంచం ఎక్కడికి పోయిందో తెలియక తడుముకునేవాళ్లు. మతి చెదిరిన మనిషికి తన గది, తన మంచం, కిటికీలోంచి కనపడే చెట్టు ఇవే మిగిలిన లోకం. దాన్ని కూడా ఆ సాయంత్రం లాగేసుకున్నారు. యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషికి ఆ అరుపులు, ఆ హడావిడి ఏం గుర్తుచేసి ఉంటాయో ఊహించడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇప్పుడా తేదీ సంగతి. కిర్క్‌లాండ్‌లో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో వివరించిన సీడీసీ సంచిక తేదీ సరిగ్గా అదే, మార్చి 27. అంతటితో అయిపోలేదు. అదే రోజున సీడీసీ ఇంకో నివేదిక విడుదల చేసింది. కిర్క్‌లాండ్ ఉన్న కింగ్ కౌంటీలోనే మరో వృద్ధుల కేంద్రంలో 76 మందికి పరీక్షలు చేస్తే 23 మందికి వైరస్ ఉంది. ఆ 23 మందిలో 13 మందికి పరీక్ష చేసిన రోజున దగ్గూ లేదు, జ్వరమూ లేదు. వారం తిరిగేసరికి ఆ 13 మందిలో 10 మందికి లక్షణాలు బయటపడ్డాయి. అంటే లక్షణాలు లేవు కాబట్టి జబ్బు లేదనుకుని మనుషులను విడదీసే లెక్క, వృద్ధుల ఇళ్లలో చెల్లదని ఆ రోజే తేలింది. ఆ రోజే హోల్యోక్‌లో లక్షణాలు లేవన్న లెక్కతో తొమ్మిదిమందిని భోజనాల గదిలో పక్కపక్కన పడుకోబెట్టారు.

ఆ నివేదిక ఆ సాయంత్రానికి హోల్యోక్ చేరి ఉండాల్సిందని నేననడం లేదు. కానీ జబ్బు మనిషినీ బాగున్న మనిషినీ ఒకే గదిలో పెట్టకూడదని తెలుసుకోవడానికి ఏ నివేదికా అక్కర్లేదు. అమ్మవారు పోసిన పిల్లను వేరే గదిలో పడుకోబెట్టి, గుమ్మానికి వేపమండ కట్టి, తక్కిన పిల్లల్ని అటు పోనివ్వని మన నాయనమ్మలు ఏ వారపత్రికా చదవలేదు.

మార్చి 29, ఆదివారం. హోల్యోక్ మేయర్ అలెక్స్ మోర్స్‌కు కొండ మీద ఏదో జరుగుతోందన్న సమాచారం అందింది. వాల్ష్‌తో మాట్లాడితే తెలిసిన లెక్క, బుధవారం నుంచి ఆదివారం దాకా ఎనిమిదిమంది పోయారని. ఊరికి ఒక్క ముక్క తెలియలేదు. మేయర్ రాష్ట్ర పెద్దలకు ఫోన్ చేశారు. మర్నాడు వాల్ష్‌ను సెలవు మీద పంపారు, పక్కనున్న ప్రభుత్వ ఆసుపత్రిని నడిపే నర్సు అధికారి ఒకామె వచ్చి పగ్గాలు పట్టారు, నేషనల్ గార్డ్ వచ్చింది. అందరికీ పరీక్షలు చేశారు, కొందరిని వేరే ఆసుపత్రులకు తరలించారు, జబ్బు ఉన్నవాళ్లను లేనివాళ్లను నిజంగా విడదీశారు. అప్పటికి పదకొండుమంది పోయారు. ఆ తర్వాత కూడా వారాల తరబడి పోతూనే ఉన్నారు. వైరస్ ఒంట్లోకి చేరడానికీ ప్రాణం తీయడానికీ మధ్య రెండు మూడు వారాలు పడుతుంది. ఏప్రిల్‌లో పోయినవాళ్లలో చాలామంది చావు మార్చిలోనే ఖాయమైంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎంత శ్రద్ధగా చేసినా ఆ పాత లెక్క తీర్చక తప్పలేదు.

కుటుంబాలను మార్చి మధ్యలోనే లోపలికి రానివ్వడం మానేశారు. అది సరైన జాగ్రత్తే. కానీ వాళ్లు బయట నిలబడ్డ రోజుల్లో లోపల జరగాల్సిన జాగ్రత్తలు జరగలేదు. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. ఎత్తినా చెప్పగలిగినవాళ్లు లేరు. నాన్న ఏ వార్డులో ఉన్నాడో, ఏ మంచం మీదున్నాడో కూతుళ్లకూ కొడుకులకూ తెలియలేదు. మన ఊళ్లలోనూ ఆ ఏడాది, ఆ తర్వాతి ఏడాది ఇలాంటి ఫోన్లు మోగాయి. అమెరికాలో ఉన్న కొడుకు రాలేకపోయాడు, ఇక్కడున్న కూతురు ఆసుపత్రి గేటు దాటలేకపోయింది. అందుకే హోల్యోక్ కుటుంబాల దుఃఖం మనకు పరాయిది కాదు.

విచారణ బాధ్యతను గవర్నర్ బేకర్, మార్క్ పెర్ల్‌స్టీన్ అనే న్యాయవాదికి అప్పగించారు. ఆయన నివేదిక 2020 జూన్‌లో వచ్చింది. ఆ రెండు వారాల నిర్ణయాలు కొన్ని ఇన్ఫెక్షన్ కంట్రోల్ దృష్టితో చూస్తే బొత్తిగా అర్థం కానివని, అన్నిటిలోకీ పెద్ద తప్పు ఆ వార్డులను కలపడమని తేల్చాడు. అలాంటి ఇంటిని నడిపే అర్హత వాల్ష్‌కు లేదనీ రాశాడు. ఎంత జాగ్రత్తపడినా కొందరు పోయేవారేనన్న నిజాన్నీ దాచలేదు. రాష్ట్ర మాజీ సైనికుల వ్యవహారాల కార్యదర్శి పదవి పోయింది. వాల్ష్ వాదన కూడా వినాలి. నేను రాష్ట్ర అధికారులకు ఎప్పటికప్పుడు చెబుతూనే ఉన్నాను, నేషనల్ గార్డ్ వైద్య సిబ్బందిని పంపమని మార్చి 27నే అడిగాను, పంపలేదు అన్నాడు ఆయన. ఆ మాటలో ఎంత నిజముందో కోర్టులు తూచాయి. నాకు మాత్రం ఆ వాదనలో ఒక ముక్క పట్టుకుని కూర్చోవాలనిపిస్తుంది. మనుషులు లేరు. అక్కడి నుంచే అన్నీ వచ్చాయి. మనుషులు లేరు కాబట్టి ఒక వార్డు వాళ్లను ఇంకో వార్డుకు పంపారు. మనుషులు లేరు కాబట్టి జబ్బు మనిషికి విడిగా ఒకరిని కేటాయించలేదు. మనుషులు లేరు కాబట్టి రెండు వార్డులు కలిపారు. మార్చిలో పుట్టిన కొరత కాదది. ఏళ్ల తరబడి బడ్జెట్లలో, ఖాళీగా వదిలేసిన పోస్టుల్లో, ఓవర్‌టైమ్‌తో నెట్టుకొచ్చిన షిఫ్టుల్లో పెరిగింది. వైరస్ వచ్చి దాన్ని బయటపెట్టింది.

ఈ జబ్బు హోల్యోక్ ఒక్కదానిది కాదు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2020 మేలో ఒక లెక్క బయటపెట్టింది. 2013 నుంచి 2017 దాకా తనిఖీ చేసిన వృద్ధుల సంరక్షణ గృహాల్లో నూటికి 82 చోట్ల ఒక్కసారైనా ఇన్ఫెక్షన్ కంట్రోల్ లోపం పట్టుబడింది. చేతులు కడుక్కోకపోవడం, జబ్బు మనిషిని వేరు చేయకపోవడం లాంటివే ఎక్కువ. కోవిడ్‌కు ముందు ఫ్లూ వచ్చినప్పుడు, విరేచనాల సి. డిఫ్ క్రిమి వార్డు నుంచి వార్డుకు పాకినప్పుడు ఇవే లోపాలు ఇవే మనుషులను చంపాయి. సి. డిఫ్ బీజాలు శానిటైజర్‌కు చావవు. సబ్బు, నీళ్లతో రుద్ది కడగాల్సిందే. ఆ తేడా తెలిసిన సహాయకురాలు ఉన్న వార్డు వేరు, లేని వార్డు వేరు. అయితే ఒకరో ఇద్దరో పోతే అది వార్త కాదు, వయసు మీదపడి పోయారంటారు. ముసలివాళ్ల చావుకు కారణం అడిగే అలవాటు లోకంలో తక్కువ.

1960ల చివర్లో, 70ల్లో అమెరికా వెళ్లిన తొలితరం తెలుగువాళ్లు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. వాళ్లలో కొందరు ఇలాంటి గృహాల్లోనే ఉన్నారు. ఇక్కడ, తెలుగు పట్టణాల్లో వృద్ధాశ్రమాలు పెరుగుతున్నాయి. మన 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమమైనా రాష్ట్రాలు పెట్టవచ్చంది, అందులో కనీసం 150 మందికి చోటుండాలంది. మంచాల లెక్క చట్టంలో ఉంది. పిల్లలు ఆశ్రమం చూడటానికి వెళ్లినప్పుడు గుడి ఉందా, పప్పూ పెరుగూ పెడతారా, ఫ్యాన్లు తిరుగుతున్నాయా అని చూస్తారు. నా ప్రార్థన ఒక్కటే. వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లండి. సబ్బు ఉందా చూడండి. అందరూ చేతులు తుడుచుకునే ఒకే తువ్వాలు వేలాడుతోందా చూడండి. రాత్రిపూట ఎంతమంది ఆయాలు ఉంటారు, ఒక్కొక్కరికి ఎన్ని మంచాలు అని అడగండి. ఆయాకు జ్వరమొస్తే జీతం కోయకుండా సెలవిస్తారా అని కూడా అడగండి. జీతం పోతుందని జ్వరంతో వచ్చే ఆయా చేతుల్లోనే మన అమ్మకు పెట్టే అన్నం ముద్ద ఉంటుంది.

హోల్యోక్ కథ కోర్టులో ఇలా ముగిసింది. 2020 సెప్టెంబర్‌లో అప్పటి అటార్నీ జనరల్ మౌరా హీలీ, వాల్ష్ మీద, ఆ ఇంటి వైద్య అధికారి డేవిడ్ క్లింటన్ మీద క్రిమినల్ కేసు పెట్టించారు. వృద్ధుల గృహంలో కోవిడ్ నిర్లక్ష్యం మీద అమెరికాలో పడ్డ మొదటి క్రిమినల్ కేసు అదేనని ఆమె ప్రకటించారు. అభియోగాలు ఐదుగురు సిపాయిల గురించే. లక్షణాలు లేవని భోజనాల గదిలో పడుకోబెట్టినవాళ్లు ఆ ఐదుగురు. 2021 నవంబర్‌లో ఒక జడ్జి కేసు కొట్టేశారు. 2023లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాన్ని మళ్లీ నిలబెట్టింది. 2024 మార్చిలో ఇద్దరూ, తమను దోషులుగా తేల్చడానికి చాలినన్ని ఆధారాలున్నాయని ఒప్పుకున్నారు. శిక్ష ఖరారు చేయకుండా కేసును మూడు నెలలు వాయిదా వేసి, ఆపైన కొట్టేసే ఏర్పాటు జరిగింది. జైలు లేదు. అంతకుముందే, 2022లో, బాధిత కుటుంబాలకూ బతికి బయటపడ్డవాళ్లకూ కలిపి 5.6 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వడానికి రాష్ట్రం ఒప్పుకుంది. పోయినవాళ్ల కుటుంబానికి కనీసం 4 లక్షల డాలర్లు.

పాత కట్టడం పక్కనే కొత్తది కట్టడానికి 2023లో భూమిపూజ జరిగింది. ఇంటి పేరు కూడా మార్చారు. కొత్త దాంట్లో నలుగురేసి పడుకునే గదులుండవు, ఒక్కొక్కరికీ సొంత గది ఉంటుంది. తండ్రులను పోగొట్టుకున్న కొడుకులూ కూతుళ్లూ కొందరు కలిసి పట్టుబట్టి ఈ కట్టడం సాధించారు. తమ తండ్రులకు అందనిది తర్వాత వచ్చేవాళ్లకైనా అందాలని శాసనసభ చుట్టూ తిరిగారు, సాక్ష్యాలు చెప్పారు. అంత దుఃఖంలో అంత పని చేసినవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. అయితే గదులు ఒక్కటే చాలవు. ఒక్కో షిఫ్టులో ఎందరు నర్సులు, ఎందరు సహాయకులు ఉంటారన్న లెక్కను అడుగుతూనే ఉండాలి.